కల్లం కాడ దొరసాని

బీడీలకు పోయే తునికాకు కొని ఎండబెట్టే కల్లంలో మనిషికి తోడుండేది ఆకే. పగలంతా ఎండ, సాయంత్రానికి జనం. ఆ జనం కూడా కట్టలు అప్పజెప్పి, ఒక కట్ట ఎక్కువ తీసుకున్నావని నన్ను నాలుగు మాటలని, అడవి దారిన గుంపుకు, అదే వాళ్ళ గూడేనికి, వెళ్ళిపోతారు. తర్వాత తాటాకు పందిరి, నులక మంచం, రెండు కుండలు, నేను. ఏడో తరగతిలో బడి మానేసినవాడికి కాంట్రాక్టరు ఇచ్చే ఉద్యోగం అంతకంటే ఏముంటుంది? కట్టకు యాభై ఆకులు ఉన్నాయో లేవో తేల్చగలిగితే చాలు, కల్లేదారు అంటారు. ప్రతి ఎండాకాలం నాకు అట్లాగే గడిచేది.

ఒక్క ఏడాది మాత్రం నా మంచం కింద ఒక తెల్లకుక్క ఉండింది. పమేరియన్. రెండు చేతుల్లో ఇమిడేంత ప్రాణి, ఒళ్ళంతా పత్తి పగిలినట్టు బొచ్చు. సెల్‌ఫోన్లు ఇంకా కాంట్రాక్టర్ల జేబుల్లోనే ఉన్న రోజులవి. ఆకు తెచ్చే చింతలగుంపు జనం నా కుక్కను చూడటానికే ఇంకోసారి నడిచి వచ్చేవాళ్ళు.

అది నా కోసం కొన్నది కాదు. నా భార్య రుక్మిణి కోసం.

రుక్మిణి పాల్వంచ కాలనీలో ఒక ఇంజనీరు ఇంట్లో పని చేసేది. వాళ్ళకు అచ్చం ఇట్లాంటి కుక్కే ఉండేది. దానికి స్నానం, తిండి, షికారు అన్నీ రుక్మిణి చేతి మీదే. మాకు పిల్లలు లేరు. ఆ కుక్క తుమ్మినా దగ్గినా రాత్రి అన్నం కాడ నాకు చెప్పేది. నేను తిని చెయ్యి కడుక్కునేవాణ్ణి. చలికాలం చివర ఇంజనీరుకు బదిలీ అయింది. కుక్కనూ సామాన్లనూ ఒకే లారీలో ఎక్కించుకొని పోయారు. రుక్మిణి రోజుల తరబడి కంచం ముందు పెట్టుకొని కూర్చునేది గానీ ముద్ద ఎత్తేది కాదు. చూసి చూసి ఒకనాడు అన్నాను.

"ఎవరిదో కుక్క పోతే ముండమోసినట్టు కూసుంటివేందే? రేపు నేను పోతే గింతన్న ఏడుస్తవా?"

ఆమె లేచి రెండు చీరలు సంచిలో పెట్టుకొని ఎర్రుపాలెంలో అన్న ఇంటికి పోయింది. నేనన్న మాటలో తప్పేముందో ఎవరైనా చెప్పండి. అడగకూడనిదేం అడగలేదు.

శివరాత్రి పోయింది. ఉగాది దగ్గరికొచ్చింది. ఆమె రాలేదు. ఒంటిపూట వండుకొని రెండు పూటలు తినడం అలవాటైంది. కుక్క పోయిందనే గదా వెళ్ళింది, కుక్క ఉంటే వస్తుంది అనుకున్నాను. సీజను ముందర కాంట్రాక్టరు ఇచ్చిన అడ్వాన్సు జేబులో పెట్టుకొని ఖమ్మం బస్సెక్కాను.

కుక్కలమ్మే ఆయన పేరు వెంకటకృష్ణ. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. ముందు గది నిండా గోడ మీద కుక్కల ఫోటోలు, మన ఇళ్ళల్లో తాతముత్తాతల ఫోటోలు పెట్టుకున్నట్టు.

"ఒరిజినల్ అండీ. తల్లిది బెంగళూరు లైను, తండ్రిది మద్రాసు లైను," అన్నాడు బుట్టలోంచి పిల్లను ఎత్తి.

"మరి ఇది ఖమ్మం లైనేనా సార్?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఎక్కడికి తీసుకెళ్తారు?"

"పాల్వంచ."

"కూలరుందా?"

"ఫ్యానున్నది. కరెంటుంటే తిరుగుతది."

"పాల్వంచలో కరెంటు పోవడమేంటండీ బాబూ! పుట్టేదే అక్కడి థర్మల్ స్టేషన్లో కదా."

"పుట్టినకాడ ఉండదు సార్. బయటికి పంపిస్తరు."

అప్పుడు నవ్వాడు. నవ్వాడు గానీ ధర దింపలేదు. మూడు వేలంటే మూడు వేలే. సరేనని కుక్కను చంకనెత్తుకుంటే అసలు బేరం అప్పుడు మొదలైంది. మెడకు పట్టీ, దువ్వడానికి దువ్వెన, ఒళ్ళు రుద్దడానికి షాంపూ, పొడి, ఎముక ఆకారంలో బిస్కెట్లు, నెల నెలా వేయించాల్సిన ఇంజెక్షన్లు. పెళ్ళికూతురికి సారె సర్దినట్టు సంచి సర్దాడు.

"దీనికి పచ్చి నీళ్ళు పట్టకండి. కాచి చల్లార్చి పట్టండి. గుడ్డులో తెల్లసొనే పెట్టండి."

"పచ్చసొన ఎవరికి సార్?"

"మీరు తినండి."

మా ఇద్దరికీ ఒకే గుడ్డు సరిపోతుందని నాకు సంతోషమేసింది.

బస్సులో కండక్టరు దాన్ని చూసి టికెట్టు కొట్టాడు. ఒళ్ళో కూర్చున్నదానికి టికెట్టేందన్నాను. "నీ ఒళ్ళో కూసున్నా నా బస్సులనే గదా కూసున్నది," అన్నాడు. వెనక సీటు ఆడవాళ్ళు నవ్వారు. కుక్క మాత్రం కిటికీలోంచి గాలి ముఖాన కొడుతుంటే కళ్ళు మూసుకొని, నా మోచేతి మీద గడ్డం ఆనించి నిద్రపోయింది. కొత్తగూడెం దాటేదాకా ఆ చెయ్యి కదపలేదు నేను. తిమ్మిరెక్కింది.

ఆ సాయంత్రమే ఎస్టీడీ బూతు నుంచి ఎర్రుపాలెం ఫోన్ చేశాను. బావమరిది ఇంటి పక్క కొట్లోవాళ్ళు రుక్మిణిని పిలిచారు.

"ఏమైంది?" అన్నది.

"ఏం కాలే. కుక్కను తెచ్చిన. తెల్లది."

"ఎవరు?"

"నేనే. కొనుక్కచ్చిన."

"నువ్వా?" అన్నది. బూతులో మీటరు తిరుగుతూ ఉంది. "ఎందుకు?"

నీకోసమని చెప్పాలనుకున్నాను. బయట ఇద్దరు ఫోను కోసం నిలబడి నా నోరే చూస్తున్నారు. "ఊరికే. వస్తే చూస్తవని," అన్నాను.

"చూస్తలే," అని పెట్టేసింది. చూస్తలే అంటే వస్తాననా, రాననా? ఆడవాళ్ళ మాటకు అర్థం చెప్పే బడికి నేను పోలేదు.

పేరు పెట్టే పని ఆమెకే వదిలేశాను. పేరు పెట్టే మనిషి రాకముందే సీజను వచ్చేసింది. ఆకు ఎవరి కోసమూ ఆగదు. కుక్కను సంచిలో కూర్చోబెట్టుకొని సైకిల్ మీద కల్లానికి తీసుకెళ్ళాను.

మొదటిరోజు ఎర్రమ్మ అనే ఆమె ఆకుల మూట దించి, కుక్కను చూసి నోటి మీద చెయ్యి పెట్టుకున్నది. నోరు మంచిదే గానీ ఆగదు ఆమెకు.

"ఇదేంది బావా, గొర్రెపిల్లా, కుందేలా?"

"కుక్కనే."

"ఎంత పెట్టి తెచ్చినవ్?"

చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"మూడు వేలా! గా పైసలకు మా ఇంటిల్లిపాది సీజనంత ఆకు తెంపాలె. మరి ఏం పని చేస్తది?"

"ఏం చెయ్యది."

"కావలి కాస్తదా?"

"కాయది."

"వేటకు?"

"చెయ్యదన్న గదా."

ఆమె చూపు కుక్క ముందున్న గుడ్డు తెల్లసొన మీద పడింది. "ఏం చెయ్యకుండ గుడ్లు తింటదా? అయితే దొరసానే!" అని ఎర్రమ్మ వంగి దానికి దండం పెట్టింది. ఆడవాళ్ళంతా విరగబడి నవ్వారు. ఆ పేరే ఖాయమైంది. పక్క గుంపుల నుంచి ఆకు తెచ్చేవాళ్ళు కూడా "దొరసాని లేచిందా? దొరసాని పాలు తాగిందా?" అంటూ వచ్చేవాళ్ళు. ఒకామె మాత్రం నవ్వలేదు. చంకలో పిల్లను పైకి సర్దుకుంటూ, గిన్నెలో ఉన్న పాల వంకే చూస్తూ నిలబడింది. ఆ మర్నాటి నుంచి కుక్కకు పాలు పందిరి వెనక పోసేవాణ్ణి.

ఎర్రమ్మ మామ పోతయ్యకు రెండు వేటకుక్కలుండేవి. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, పందిని నిలేసే రకం. అవి వచ్చి మా దొరసానిని వాసన చూసి, ఇది కుక్కేనా అన్నట్టు పోతయ్య ముఖం చూసేవి. పోతయ్య గంభీరంగా, "మీ జాతే బిడ్డా, పట్నంల పెరిగింది," అని వాటికి చెప్పేవాడు.

జనం పోయాక కల్లం బావురుమనేది. ఎండుతున్న ఆకు వాసన, దూరంగా థర్మల్ పొగగొట్టం మీద ఎర్రదీపం. ఎన్ని సీజన్లు ఆ దీపాన్ని చూస్తూ నోరు మూసుకొని పడుకున్నానో. ఆ ఏడు మాత్రం నోరు ఊరుకోలేదు. కుక్కలో ఒక గుణముండేది. మనం ఏదన్నా అంటే తల పక్కకు వంచి, చెవులు నిక్కించి, చివరి మాటదాకా వినేది. కాంట్రాక్టరు ఏమన్నాడో చెప్పాను. మా నాయన నన్ను బడి మాన్పించిన రోజు పుస్తకాల సంచి ఏం చేశానో చెప్పాను. ఎవరికీ చెప్పనివి, నాకే గుర్తులేవనుకున్నవి చెప్పాను. కుక్క ఎదురు మాట్లాడదు. నడిమధ్యలో లేచి పొయ్యి కాడికి పోదు. అందుకని చెప్పాను, అంతే.

ఎండలు ముదిరాయి. రోహిణి రాకముందే బండలు పగిలేట్టున్నాయి. కుక్క నాలుక బయటపెట్టి ఒగర్చడమే పనిగా పెట్టుకుంది. నీళ్ళకుండ కింద తడి ఇసుకలో పొట్ట ఆనించి పడుకునేది. రాత్రికి గానీ మెతుకు ముట్టేది కాదు.

"గంత బొచ్చు కప్పుకుంటే ఉడకదా సారూ?" అన్నాడు పోతయ్య. "ఎండకాలం గొర్రెకు బొచ్చు తీస్తరు గద. దీనికేం పుట్టింది?"

మాట సబబుగానే అనిపించింది. ఆ వారమే ఒక గొల్లాయన మంద తోలుకుంటూ కల్లం పక్క వాగులో దిగాడు. పిలిచి అడిగితే కత్తెర వెనక దాచుకున్నాడు.

"కుక్కనా? గీ కత్తెర కుక్కకు పెడితే మా మల్లన్న దేవుడు ఊకుంటడా?"

"తర్వాత కడుక్కో."

"కడిగితే పోయే మైలనా సారూ అది?"

కోడి ఇస్తానన్నాక మల్లన్న ఊరుకుంటాడని తేలింది. దాని నాలుగు కాళ్ళూ కలిపి నేను పట్టుకున్నాను. ఆయన కరకర కత్తిరించాడు. తెల్లటి బొచ్చు కుప్ప పడింది. అందులోంచి లేచింది చూస్తే ఎలుక లెక్క ఉంది, గులాబీ రంగు తోలు, మీద కత్తెర గాట్లు. మా వెంకటకృష్ణ చూస్తే గోడ మీది ఫోటోలన్నీ దించేసేవాడే. ఎర్రమ్మ చూసి, "అయ్యో బావా, నీ మూడు వేలు కింద పడ్డయ్, ఏరుకో!" అన్నది. కుక్క మాత్రం ఒళ్ళు దులుపుకొని, పందిరి చుట్టూ రెండు చుట్లు ఉరికింది. ఆ పూట నేను కూడా నవ్వాను.

రెండు రోజులు హాయిగా తిరిగింది. మూడోనాడు వీపు కందింది. తర్వాత బొబ్బలు లేచాయి. బొచ్చే దానికి గొడుగని నాకెట్లా తెలుస్తుంది? గొర్రెకు పనికొచ్చింది కుక్కకు పనికిరాదని ఏ బడిలో చెప్పారు? ఒళ్ళు నిప్పయింది. కళ్ళు తెరవడం మానేసింది.

దవాఖానకు తీసుకెళ్దామంటే కల్లం నిండా ఎండిన ఆకు వరసలు. పడమట మబ్బు కడుతోంది. ఒక్క వాన పడిందంటే ఆకు నల్లబడి సీజనంతా బూడిదే. ఆకు బస్తాలకెక్కేదాకా ఆ నాలుగు రోజులు కల్లేదారు కల్లం దాటి అడుగు పెట్టడు. పెళ్ళికీ పెట్టడు, చావుకీ పెట్టడు. మా పనికి కట్టుబాటది. బస్తాల కోసం లారీతో వచ్చిన డ్రైవరు రూప్‌సింగ్‌కు ఎర్రుపాలెం నంబరు ఇచ్చాను.

"మా ఆమెకు చెప్పు. కుక్క చచ్చేటట్టున్నదని చెప్పు. జల్దీ."

"కుక్క కోసం ఫోనా సార్? నా భార్య కాన్పుకే నేను చెయ్యలే," అని తల కొట్టుకుంటూ పోయాడు. చేశాడు మాత్రం.

మర్నాడు మిట్టమధ్యాహ్నం. తడిగుడ్డ కప్పి కుక్కను ఒళ్ళో పెట్టుకొని, దూదితో చుక్క చుక్క మజ్జిగ పిండుతున్నాను. మింగడం లేదు. కారిపోతోంది.

"తాగవే. ఒక్క గుక్క తాగు, నా తల్లి గదా. కోపమొచ్చిందా నా మీద? రావాలె మరి. నొస్తున్నదా? నాకు తెలుసు నొస్తున్నదని. నువ్వు పోతే నేను ఎవరితోని మాట్లాడాలె చెప్పు. నాకెవరున్నరు? లేసి తాగు. రేపు నీకు గుడ్డు మొత్తం పెడత, పచ్చసొన గూడ నీకే..."

ఇంకా ఏమన్నానో. దూది మళ్ళీ మజ్జిగలో ముంచుదామని తల ఎత్తాను. పందిరి గుంజ పట్టుకొని రుక్మిణి నిలబడి ఉంది. చేతిలో సంచి. రోడ్డు కాడినుంచి ఎండలో నడిచి వచ్చిందేమో, ముఖమంతా చెమట. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

"వస్తివా," అన్నాను.

ఆమె సంచి కింద పెట్టి, వచ్చి కూర్చున్నది. తడిగుడ్డ ఎత్తి చూసింది.

"బొచ్చేది దీనికి?"

"కత్తిరిపించిన. ఉడుకుతున్నదని."

"ఎవరితోని?"

"గొర్ల కత్తెరతోని."

నవ్వు ఆపుకోలేకపోయింది. కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది. ఆమె నవ్వి ఎన్నాళ్ళయిందో, చూస్తూ ఉండిపోయాను. నవ్వుతూ నవ్వుతూనే ఆగిపోయి, కుక్కను నా ఒళ్ళోంచి తీసుకొని, నోరు పక్క నుంచి తెరిచి, చెంచాతో మజ్జిగ పోసింది. గుటక పడింది. అట్లా సాయంత్రందాకా చెంచా చెంచా పోస్తూనే కూర్చున్నది. కట్టలు తెచ్చిన ఆడవాళ్ళు ఆ రోజు పరాచికాలాడలేదు. ఎర్రమ్మ కలబంద మట్ట చీల్చి, గుజ్జు తీసిచ్చి పోయింది.

జనం పోయాక నేను అన్నం వార్చాను. ఆమె తింటూ తింటూ, నన్ను చూడకుండా అన్నది.

"పోయినేడు నాకు జ్వరమొచ్చింది, గుర్తుందా? వారం పైన లేవలే."

"మందులు తెచ్చిన గద."

"తెచ్చినవ్. గడప అవతల నిలబడి 'తగ్గిందా' అన్నవ్."

"మరి తగ్గిందా అనే గద అడుగుతరు ఎవలన్న?"

"అవ్," అన్నది. కంచం తీసుకొని లేచింది.

తెల్లారి కుక్కను తడి చీరలో చుట్టుకొని పోతయ్య బండిలో రోడ్డు కాడికి బయల్దేరింది. పాల్వంచలో పశువుల దవాఖానలో చూపించి, అట్నుంచి అటే ఎర్రుపాలెం తీసుకుపోతానన్నది. అక్కడ పెంకుటిల్లు, చల్లగా ఉంటుంది. నేను కల్లం కొసదాకా నడిచాను. అంతకు మించి నడిచే వీల్లేదు. బండి మలుపు తిరిగేదాకా ఆ చీర మూట కదులుతుందేమోనని చూశాను. కదల్లేదు. సాయంత్రానికి గాలిదుమారం లేచింది, నేనూ పోతయ్యా ఎర్రమ్మా చేతికందినవాళ్ళందరినీ పిలిచి ఆకును బస్తాలకెత్తాం. ఆకు దక్కింది.

కుక్క కూడా దక్కిందని రూప్‌సింగ్ వారానికి కబురు తెచ్చాడు.

కల్లం ఎత్తేశాక, తొలకరి పడ్డాక, కొత్త చొక్కా వేసుకొని ఖమ్మంలో రైలెక్కి ఎర్రుపాలెంలో దిగాను. ఇద్దరినీ తీసుకొచ్చుకుందామనే పోయాను. దారిలో రెండు మూడు మాటలు అనుకొని పెట్టుకున్నాను కూడా.

వాకిట్లో అడుగు పెట్టానో లేదో, కుక్క ఎక్కడినుంచి ఉరికొచ్చిందో, మోకాళ్ళ మీదికి ఎగబడింది. బొచ్చు అక్కడక్కడా మొలిచింది, గోడకు సున్నం ఊడినట్టు. కుయ్ కుయ్‌మని ఒకటే ఏడుపు. బావమరిది భార్య, "రండన్నయ్యా, కూర్చోండి," అని కుర్చీ వేసి, చెంబుతో నీళ్ళిచ్చి లోపలికి పోయింది. రుక్మిణి గడపలో నిలబడింది. ఒళ్ళు కొంచెం తేరుకుంది. మాటలో కూడా పుట్టింటి యాస కలిసింది.

"తీసుకుపో దీన్ని," అన్నది. "బస్సు ఆగితే చాలు, రోడ్డు మీదికి పోతది. ఎవరు దిగినా పోయి చూసొస్తది. నేను ఎంత చేసినా నీకోసమే చూస్తున్నది."

"ఇద్దరూ రండి మరి."

"నేను రాను."

"కుక్క పోయిందని వచ్చినవ్. కుక్క ఉన్నది గద ఇప్పుడు."

రుక్మిణి నన్ను చూసింది. కోపం లేదు ముఖంలో. కోపముంటే నాకు అలవాటే, ఏదో ఒకటి అనేవాణ్ణి.

"నీకు మాటలు రావనుకున్నా," అన్నది మెల్లగా. "కొందరు అంతే, నోట్లో లేదు పాపం అనుకున్నా. అట్లా అనుకొనే ఇన్నేళ్ళు చేశా. ఆ రోజు పందిరి కాడ విన్నా. నీకు వచ్చు. అన్నీ వచ్చు. వచ్చని తెలిశాక నేను ఆ ఇంట్లో ఎట్లా ఉండాలి?"

రైల్లో అనుకొని పెట్టుకున్న మాటలు వదిలేసి, వంగి కుక్క మెడ పట్టీ సర్దాను.

"నువ్వు లేకుంటే దీన్ని నేనేం చేసుకోవాలె?" అన్నాను చివరికి.

"మాట్లాడుకో," అని లోపలికి వెళ్ళింది. వెక్కిరింపుగా అనలేదు. అదే నాకు కొరుకుడు పడలేదు.

తిరుగు బండికి ఇంకా టైముంది. ఎర్రుపాలెం స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాను. కుక్క నా చెప్పుల మధ్య కూర్చొని తల పక్కకు వంచి, చెవులు నిక్కించి నా నోటి వైపే చూస్తోంది. చూడనీ అని పట్టాల వంక చూశాను. అది చాలాసేపు చూసి, తర్వాత తల కిందకు పెట్టుకుంది.

పక్కన కూర్చున్న పెద్దాయన పంచె సర్దుకుంటూ వంగాడు.

"మంచి జాతి కుక్కలాగుందే. ఎంతకు తెచ్చావయ్యా?"

"మూడు వేలు."

"అమ్మో! అంతేనా, పైన ఇంకా ఖర్చులుంటాయా?"

మధిర వైపు సిగ్నల్ పడింది. బండి చప్పుడుకు వినబడనట్టు లేచి, కుక్కను చంకనెత్తుకున్నాను.